మావోడు

ఆ ఎండకాలం పోలీసోళ్ళు ఒక పిలగాని కోసం పాతబస్తీ అంత దేవులాడిండ్రు. వాని పేరు ఎవరికీ తెల్వదు. మొఖం ఎవరూ చూడలె. వాని గురించి తెలిసింది ఒక్కటే మాట: మావోడు.

ఆ మాట చెప్పింది నా మనవడు బన్నీ.

బన్నీకి అమ్మ నాయిన లేరు. నేనే సాదిన. నా పెనిమిటి కృష్ణయ్య పోయినంక లాల్‌దర్వాజాల ఒక కిరాయి అర్ర, ఒక బొగ్గుల కుంపటి, వాడు, నేను. లక్క గాజులకు రాళ్ళు అతుకుడు నా పని. నా చేతికి గాజు లేదు గని, ఎన్ని పెండ్లిళ్ళ చేతులకు నేను అతికిన రాళ్ళు మెరిసినయో లెక్కలేదు. పదోది తప్పినంక బన్నీ జల్‌పల్లిల సోమయ్య కార్ఖానాకు పనికి పోవుడు మొదలుపెట్టిండు. ఇనుప బీరువాలు చేసే కార్ఖానా అది.

ఒక పగటిపూట ఆ కార్ఖానాల సోమయ్య బుజం ఇరిగింది. వంగి బీరువా అడుగున బోల్టు బిగిస్తుంటె ఎనక నుంచి ఎవరో ఇనుప రాడుతోని కొట్టిండ్రు. పోలీసోళ్ళు వచ్చేటాళ్ళకు బన్నీ గోడకు ఒరిగి కూసున్నడట, రాడు ఒళ్ళె పెట్టుకొని. పారిపోలె. ఏడ్వలె.

"ఎవడు కొట్టిండురా?" అని అడిగితె, "మావోడు కొట్టిండు" అన్నడట.

మా దిక్కు మావోడు అంటె దోస్తు. హోటల్ల కూసొని 'మావోనికి ఒక చాయ్ కొట్టు భాయ్' అంటె పక్కోనికి చాయ్ వస్తది. గందుకే పోలీసోళ్ళు రెండోవాడు ఉన్నడనుకున్నరు. సోమయ్య దవాఖానాల పండుకొని ఆ మాటకు ఇంకో మాట జోడించిండు. "బన్నీ మంచోడే సార్. నా కొడుకు లెక్క చూసుకున్న. బయటి నుంచి ఎవడో దొంగ వచ్చిండు, వీడు తలుపు తీసిండు." గట్ల అది దొంగతనం కేసు అయ్యింది. మావోడు ఎవడో చెప్పేదాక బన్నీని ఇడిచిపెట్టం అన్నరు.

బన్నీకి ఉన్న ఒకే ఒక్క దోస్తు పక్కింటి నందు. పోలీసోళ్ళు వాళ్ళ ఇంటికి పోయి వచ్చిన తెల్లారే నందు తల్లి బేబీ వాన్ని జహీరాబాద్‌ల తన అన్న కాడికి తోలింది. పొద్దుగాల నల్లా కాడ నన్ను చూసి, నిండుతున్న బిందె ఇడిచిపెట్టి లేసింది.

"ఏమమ్మా ఆగమ్మక్కా, మీవోడు చేసిన పనికి మావోడు దాక్కోవాల్నా?"

"నందు ఏం చేయలేదని నాకు తెల్వదా బేబీ?"

"నీకు తెలిస్తె ఏం లాభం? నీ మనవడు నోరు తెరిచి, నందు కాదు అని ఒక్క మాట అంటె అయిపాయె. అనడు! నోట్లె ఏం పోసినవ్, లక్క పోసినవా?"

లైన్ల ఉన్న ఆడోళ్ళు కిసుక్కున నవ్విండ్రు. తల వంచి నా బిందె సర్దుకున్న. బేబీ ఏడుస్తున్నదని నేను తర్వాత చూసిన. ఆమె బిందె నిండి నీళ్ళు గల్లీల పారుతున్నయి.

*

మా దిక్కు దాన్ని బచ్చా జైలు అంటరు. బోర్డు మీద గట్ల లేదు. బాలుర పరిశీలన గృహం అని ఉన్నది. యాభై దాటినంక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, 'పరిశీలన' కాడ ఆగి ఆగి చదివిన. రూప టీచర్ చర్చి ఎనక అర్రల మాలాంటోళ్ళకు అక్షరాలు నేర్పింది. అక్షరాలను మాటలు చేసుడు మాత్రం బన్నీ నేర్పిండు. రాత్రి రొట్టె తింటా నా పలక మీదికి వంగి, "అవ్వా, గా దీర్ఘం ఎవరు తిన్నరు? నువ్వే తిన్నవా రొట్టెల పెట్టుకొని?" అని నవ్వుతుండె. ఆ నవ్వు ఎండకాలం రాకముందే ఆగిపోయింది. ఇంట్ల బీరువా తెరుసుడు గూడ ఆపిండు. "చొక్కా నువ్వే తీసియ్యి అవ్వా" అంటుండె. పెద్దోడైతున్నడు, బద్ధకం అనుకున్న.

ములాఖత్ అర్ర కాడ వాచ్‌మన్ నన్ను చూసి తల ఊపిండు. "బన్నీ అవ్వవా? నీ మనవడు మస్తు యాక్టర్ అమ్మా. మొన్న వేడి సాంబారు పాదం మీద ఒలికింది. బొబ్బ లేసింది. వీడు గోడ దిక్కు చూసుకుంట బువ్వ తింటనే ఉన్నడు. హాజరు పిలిస్తె పలుకడు. నఖరాలు కాకపోతే ఏంది?"

బన్నీని తీసుకొచ్చి నా ముందు బల్లకు అవతల కూసోబెట్టిండ్రు. గుండు చేసిండ్రు. చిన్నగైనట్టు కనబడ్డడు. కండ్లు నా దిక్కు లెవ్వు, పైన గాలి వచ్చే రోషన్‌దాన్ దిక్కు ఉన్నయి.

"ఎట్లున్నవ్ బిడ్డా?"

బల్ల మీదికి జర వంగిన.

"తిన్నవా?"

"మావోడు తిన్నడు."

"ఎవరురా?"

"మావోడు. గింత తిన్నడు." చేయి దోసిలి చేసి చూపెట్టిండు. ఎగతాళి లేదు ఆ మాటల. అబద్ధం లేదు. కరెంటు బిల్లు చదివినట్టు చదివిండు.

"మరి కాలు ఏమైందిరా?"

"మావోనిది. కాలింది."

"నొప్పి ఉన్నదా?"

"వానికేమో. నాకు తెల్వదు అవ్వా."

ఊరంత దేవులాడుతున్న పిలగాడు నా ముందే కూసున్నడు.

ఎందుకంటె ఈ లోకంల బన్నీని మావోడు అని పిలిచేది నేనొక్కదాన్నే. ఏ అవ్వ అయినా చంటిపిల్లగానితోని నువ్వు, నేను అని మాట్లాడుతదా? మావోడు బువ్వ తిన్నడా? మావోనికి నిద్ర వచ్చిందా? మావోడు ఏడ్వడు, మావోడు మంచోడు. గడప తాకి బోర్ల పడితె ఎత్తుకొని, "మావోనికి తాకలె, గోడకు తాకింది! దా, గోడను కొడుదాం" అని గోడకు రెండు దెబ్బలు వేస్తుంటి. వాడు చిన్న చేయితోని గోడను కొట్టి, కండ్ల నీళ్ళతోనే నవ్వుతుండె. మీసం వస్తున్న పిలగాడైనా నాకు ఆ పిలుపు పోలె. గల్లీల నిలబడి "మావోడు వచ్చిండా?" అంటె అందరూ నవ్వుతుండ్రి.

*

అక్కడ పిల్లలతోని మాట్లాడే మేడం పేరు సుచరిత. భీమవరం దిక్కు మనిషి, వయసు చిన్నది. నేను పోయేటాళ్ళకు ఆమె గూడ నా కోసమే చూస్తున్నది.

"రండి ఆగమ్మగారూ, కూర్చోండి. నేనే కబురు పెడదామనుకున్నా. ఆ మావోడు ఎవరో మీకేమైనా తెలుసా? మా వైపు మావాడు అంటే చుట్టమైనా కావచ్చు, స్నేహితుడైనా కావచ్చు. నెత్తీ నోరూ కొట్టుకున్నా చెప్పడు."

"చెప్తనే ఉన్నడు మేడం," అన్న. "మనకే ఇనబడలె."

గోడ సంగతి చెప్పిన. పిలుపు సంగతి చెప్పిన. ఆమె పెన్ను పక్కన పెట్టింది.

"నాకు సగం అనుమానం ఉండింది," అన్నది. "వాడు ఎవర్నీ దాచట్లేదండీ. నటించట్లేదు. తట్టుకోలేనంత భయం మళ్ళీ మళ్ళీ వచ్చినప్పుడు, తప్పించుకునే దారి లేనప్పుడు, కొందరు పిల్లల్లో మనసు ఒళ్ళు వదిలేసి పక్కకెళ్ళి నిలబడుతుంది. జరిగేదంతా ఇంకెవరికో జరుగుతున్నట్టు చూస్తుంది. నొప్పి కూడా అవతలివాడిదే. ఇక్కడికొచ్చే పిల్లల్లో బన్నీ ఒక్కడే కాదు. బయటివాళ్ళకది మొండితనంలా కనిపిస్తుంది. డాక్టరుగారు చూశారు, వైద్యంలో దీనికి పేరుంది. కానీ పేరుతో పిలిస్తే రారు. ఎక్కడికెళ్ళి నిలబడ్డాడో తెలియాలి."

"నేను నేర్పిన మాటే గిట్ల చేసిందా మేడం?"

"అయ్యో, లేదు." ఆమె లేసి వచ్చి నా పక్కన కూసున్నది. "ఆ మాట లేకపోతే ఆ టైములో వాడు ఎక్కడికి పోయేవాడు? దాక్కోడానికి చోటు ఇచ్చారు మీరు. ఇప్పుడు బయటికి పిలవాలి. పిలవాలంతే. లాగకూడదు."

లాగొద్దంటె నాకు సమఝైంది. చల్లగున్న లక్కను వంచితె పటుక్కున ఇరుగుతది. నిప్పుకు దగ్గర పెట్టి, దూరం జరిపి, మల్ల దగ్గర పెట్టి, దానంతట అదే మెత్తబడేదాక కూసోవాలె. రాయి పట్టుకునే ఘడియ అదే చెప్తది.

*

వారానికోసారి ములాఖత్. ఆధార్ కార్డు చూపెట్టి ఆడోళ్ళకు పైసలు లేకుండ ఇచ్చే జీరో టికెట్ మీద బస్సుల పోతుంటి. ఎండకు బస్సు రేకు కుంపటి లెక్క కాలుతుండె. మిగిలిన దినాలు సుచరిత మేడం బన్నీని రోజూ కూసోబెట్టుకుంటుండె. కాళ్ళు బండ మీద ఆనించు, బండ చల్లగుందా, ఏం చప్పుడు ఇనబడుతుంది, ఏ రంగు కనబడుతుంది, గిసొంటియే అడుగుతుండె. పెద్ద ముచ్చట ఒక్కటి గూడ అడుగకపోతుండె.

ఒకనాడు వాడే చెప్పిండు. రోషన్‌దాన్ దిక్కు చూసుకుంటనే.

"మావోడు రంగు తప్పు వేస్తె సోమయ్య కొత్త బీరువాల పెట్టి తాళం వేస్తడు అవ్వా. లోపట చీకటి ఉంటది. వార్నిష్ వాసన. సోమయ్య బయట నిలబడి రాడుతోని కొడ్తడు. ఢాం, ఢాం. మావోనికి తాకదు. బీరువాకే తాకుతది."

బల్ల కింద నా చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నయి. మావోనికి తాకలె, గోడకు తాకింది. నా మాట, నా గొంతు, ఆ ఇనుప డబ్బాల వాని కాడ ఉన్నది. ఏడుస్తె వాడు ఇంకా దూరం పోతడని నాకు అనిపించింది. అందుకే ఇంకో ముచ్చట తీసిన.

"అవ్వ ఇయ్యాల బస్సు ఎక్కింది. అవ్వ సీటు కోసం కొట్లాడింది."

వాని కనుబొమ్మలు జర కదిలినయి.

"అవ్వ ఎక్కింది కాదు," అన్నడు. "నీ గురించి నువ్వే చెప్తున్నవ్ గదా. ఎక్కిన అనాలె."

పలక మీద వంగిన పాత బన్నీ గొంతు అది. నేను గట్టిగ శ్వాస గూడ తీసుకోలె.

"ఏమోరా, నాకు కలగాపులగం అయితది. రూప టీచర్ 'ఎక్కాను' అని రాయమంటది. నువ్వేమో ఎక్కిన అంటవ్."

"టీచర్ది పుస్తకం మాట. మనది ఎక్కిన."

"రాసి చూపెట్టు మరి."

ములాఖత్ల పెన్ను ఇయ్యరు. అరచేయి బల్ల మీద పెట్టిన. లక్కకు కాలి కాలి నా వేళ్ళ కొసలు నున్నగైనయి గని, అరచేయికి ఇంకా తెలుస్తది. వాడు చూపుడు వేలుతోని రాసిండు. నే. ను. తర్వాత ఎ, క్కి, న. చూడకుండనే చదివిన.

"గంతేనా? వెనక ఏం రావొద్దా?"

"ఇంకొకని గురించైతే 'ఇండు' వస్తది. ఎక్కిండు. మన గురించైతే 'న' కాడనే ఆగాలె."

"మంచిగ చెప్పినవ్ పంతులూ."

పంతులూ అన్న మాటకు వాని పెదవి ఒక దిక్కు జరిగింది. నవ్వు అనలేను. నవ్వు ఉండే జాగా అది.

తర్వాత వారం వారం అదే ఆట. అవ్వ టమాటలు కొన్నది అంటె వాడు తప్పు పట్టి నా చేతిల రాస్తుండె, నేను కొన్న. అవ్వ బేబీ తిట్లు తిన్నది అంటె, నేను తిన్న. ఒకనాడు మబ్బు పట్టి చల్లగుండె. వాడు నా అరచేతిల నేను అని రాసి ఆగిండు. ముందుకు రాయలె. వేలు 'ను' మీదనే ఉన్నది, గట్టిగ ఒత్తుతున్నది. నేను ఏం అడుగలె. తలుపు కాడ సుచరిత మేడం నిలబడి ఉన్నది. ఆమె గూడ కదలలె.

వాడు వంగి పాదం గోక్కున్నడు.

"కాలు దురద పెడ్తుంది అవ్వా. బొబ్బ మానిన కాడ గద, దురద."

"కొబ్బరినూనె రాయమని చెప్త తియ్యి," అన్న, మామూలుగ. బయటికొచ్చి గోడ చాటుకు పోయి, కొంగు నోట్లె కుక్కుకొని ఏడ్చిన.

*

పిల్లల కేసులు చూసే బోర్డు ముందర హాజరు కావాల్సిన దినం వచ్చింది. కోర్టు లెక్క ఉండదు. ఒక అర్ర, పొడుగు టేబుల్, నడుమ జడ్జి మేడం, అటు ఇటు ఇద్దరు. పోలీసోళ్ళు గూడ మామూలు బట్టల్ల వస్తరు.

ఉచితంగ కేసు చూసే వకీలు సారు మమ్మల్ని వరండాల పక్కకు తీసుకపోయిండు. "చూడమ్మా, చెప్తున్న విను. బన్నీ ఏం మాట్లాడకపోతేనే మంచిది. రెండోవాడు ఉన్నడన్న డౌటు మనకు ఫాయిదా. నేనే కొట్టిన అన్నడంటే, అది వాని నెత్తి మీదనే పడ్తది. ఎన్ని రోజులు ఉంచుతరో నేను చెప్పలేను."

సుచరిత మేడం దిక్కు చూసిన. "వాడు ఏం చెప్పాలో మనం చెప్పకూడదండీ," అన్నది. "మాట్లాడినా వాడిష్టం, మాట్లాడకపోయినా వాడిష్టం. ఏమన్నా నేను పక్కనే ఉంటా."

నాకు రెండు దిక్కులా గుంజింది. మాట్లాడకుంటె నందు దాక్కొనే ఉంటడు, బన్నీ ఆ రోషన్‌దాన్ల ఉండిపోతడు. మాట్లాడితె ఈ గోడల నడుమ ఉండిపోతడేమో. బన్నీ మా మాటలన్ని ఇన్నడు. తన చెప్పుల దిక్కు చూసుకుంట నిలబడ్డడు.

లోపట జడ్జి మేడం కాగితాలు తిప్పింది. కోపం మనిషి కాదు, అలిసిపోయిన మనిషి.

"బాబూ, ప్రతిసారీ అడుగుతున్నాను. ఇవాళైనా చెప్పు. మీ మావోడు ఎక్కడున్నాడు?"

బన్నీ కండ్లు పైకి లేసినయి. గోడకు ఫ్యాన్ తిరుగుతున్నది, దాని మీదికి పోయినయి. పోతున్నడు, మల్ల పోతున్నడు అనుకున్న. అప్పుడు వాని కుడిచేయి చూపుడు వేలు ఎడమ అరచేతిల పడ్డది. మెల్లగ తిప్పుతున్నది. ఏం రాస్తున్నడో అంత దూరం నుంచి నాకు తెలిసింది.

"ఈడనే ఉన్నడు మేడం," అన్నడు.

అందరూ తలుపు దిక్కు చూసిండ్రు. తలుపు కాడ ఎవరూ లేరు.

"ఉన్న," అన్నడు బన్నీ. "ఈడనే ఉన్న. నేనే."

ఒక్క 'డు' రాలిపోయింది. ఆ అర్రల అది రాలిన చప్పుడు ఎంతమందికి ఇనబడ్డదో నాకు తెల్వదు. సుచరిత మేడం కుర్చీ చేయి గట్టిగ పట్టుకున్నది.

"నందు లేడు మేడం. దొంగలు లేరు. నేనే కొట్టిన. నన్ను..." నీళ్ళు ఇస్తె తాగిండు. "నన్ను బీరువాల పెట్టి తాళం వేస్తుండె. నన్ను బయటి నుంచి కొడ్తుండె. నాకు ఊపిరి ఆడకపోతుండె. ఆ దినం తాళం తీసి, 'బోల్టు బిగిస్త, అయినంక మల్ల లోపటికి పో' అన్నడు. నేను పోలె. నేను కొట్టిన."

గట్ల చెప్పుకుంట చెప్పుకుంట వాడు వణికిండు. చెంపల మీదికెళ్ళి నీళ్ళు కారుతుంటె తుడుచుకోలె. ఇన్ని నెలల తర్వాత వాని కండ్ల నీళ్ళు వాని మొఖం మీద చూసిన.

జడ్జి మేడం కళ్ళద్దాలు తీసింది. "ఇదంతా ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"అప్పుడు నేను లేకుంటి మేడం," అన్నడు.

వకీలు సారు తల వంచుకొని ఏదో రాసుకున్నడు. వరండాలకు వచ్చినంక నా కాడికి వచ్చి, "ఇగ నేను ఎవని కోసం కొట్లాడాల్నో ఆ మనిషి దొరికిండమ్మా," అన్నడు.

బోర్డు వాళ్ళు మనుషులను కార్ఖానాకు తోలిండ్రు. గోడౌన్ల మూలకు ఒక బీరువా దొరికిందట, బయట అంత సొట్టలు. తలుపు తెరిచి చూస్తె లోపటి రంగు గోళ్ళతోని గీరి గీరి ఉన్నది. ఆ కార్ఖానాల ఉన్న ఇంకో ఇద్దరు పిలగాళ్ళు గూడ ఆ దినమే బయటపడ్డరు. దొంగతనం మాట కొట్టేసిండ్రు. సోమయ్య మీద కేసు అయ్యింది. మల్ల వాయిదాకు బన్నీని నాతోని పంపిండ్రు. కొన్నాళ్ళు సుచరిత మేడం కాడికి తీసుకపోతుండాలె, స్కూల్ల చేర్పియ్యాలె, గదే షరతు. వేలిముద్ర కోసం సిరా డబ్బా నా దిక్కు జరిపిండ్రు. పక్కకు నూకి పెన్ను అడిగిన. ఆగమ్మ అని సంతకం పెట్టిన. ఒంకర పోయింది. పోనీ.

*

అప్పటికి ఆషాఢం వచ్చింది. బోనాలకు గల్లీ అంత సున్నాలు వేస్తున్నరు. బన్నీని తీసుకొని ఆటో దిగేటాళ్ళకు బేబీ గడప కాడ నిలబడ్డది, పక్కన నందు. నేను బన్నీ చేయి పట్టుకున్న. బేబీ దిగొచ్చి బన్నీ గడ్డం పట్టి అటు ఇటు తిప్పి చూసింది.

"ఏందిరా గీ గుండు? తిరుపతికి పోతే లడ్డు తేవాలె, తెలుసా?"

"లడ్డు అయిపోయింది అత్తా," అన్నడు బన్నీ. "సాంబారే మిగిలింది."

బేబీ ఫక్కున నవ్వి, వెంటనే కొంగుతోని ముక్కు తుడుచుకున్నది. "ఆగమ్మక్కా," అన్నది నా దిక్కు చూడకుండ, "నల్లా కాడ నేను ఏమేమో కూసిన. మనసుల పెట్టుకోకు."

"పెట్టుకుంట," అన్న. "ఊరికె పోనియ్య. మా అర్రల ఉన్న బీరువా మీ ఇంట్లకు మోసుకపోతేనే మాఫ్."

నా పెండ్లినాటి బీరువా అది. బన్నీ ఒక దిక్కు, నందు ఒక దిక్కు పట్టి మోసిండ్రు. నందు తానొక్కడే మోస్తనంటె బన్నీ ఇననే ఇనలె. "నేను పట్టుకుంట," అన్నడు. గడప కాడ దాని తలుపు కిర్రుమని తెరుచుకున్నది. బన్నీ మొఖం తెల్లబడ్డది. దించి, గోడకు చేయి ఆనించి నిలబడ్డడు. కాళ్ళు బండ మీద ఒత్తి పెట్టిండు. పెదవులు కదులుతున్నయి. ఈడ సున్నం వాసన, ఆడ డప్పు చప్పుడు, కింద బండ చల్లగుంది. నందు గాబరైండు. నేను చేయి అడ్డం పెట్టి ఆపిన. కొంచెంసేపటికి బన్నీ వంగి మల్ల అంచు పట్టుకున్నడు.

"ఏమైందిరా?" అన్నడు నందు.

"పోబోయిన. ఆగిన," అన్నడు బన్నీ. "పట్టు, బరువుంది."

ఇప్పటికీ ఒక్కోసారి పోతడు. పిలిస్తె వస్తడు. మస్తు దూరం పోడు.

ఆ బోనాల ముందు నాకు గాజుల ఆర్డర్ ఎక్కువుండె. బన్నీ కుంపటి కాడ నా పక్కన కూసొని రాళ్ళు అందిస్తున్నడు. బయట డప్పు మోగుతున్నది. వాని చూపు అటు పోయింది, చేయి ఇటు వచ్చింది. కాగిన లక్క వాని వేలికి అంటుకున్నది.

"అబ్బా!"

ఏండ్ల అలవాటు. నా నోరు నాకంటె ముందు పరిగెత్తింది. "మావోనికి కాలలె, కుంపటికే..."

"నాకే అవ్వా!" అని అరిచిండు. వేలు నోట్లె పెట్టుకొని, తీసి, గాలిల జాడించి, ఎగిరి ఎగిరి గంతులు వేసిండు. "నాకే కాలింది! మస్తు మండుతుంది! కుంపటికి ఏం కాలె, నాకే!"

గల్లీ అంత ఇనబడేటట్టు అరుస్తున్నడు. పక్కింట్ల నుంచి బేబీ, "ఏమైందే అక్కా, ఆ లొల్లేంది?" అని కేకేసింది.

"ఏం లేదు బేబీ," అన్న నీళ్ళ చెంబు అందుకుంట. నవ్వు ఆపుకోనింకె నాతోని కాలె. "మా బన్నీ. వానికి వేలు కాలింది!"